ఏనుగొచ్చింది, బిందెలు తియ్యుండ్రి!

బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీకి నీళ్ల ట్యాంకర్ వస్తే ఒకామె “ఏనుగొచ్చింది, బిందెలు తియ్యుండ్రి!” అని కేకేస్తుంది. ఇందులో అలంకారం ఏమిటని పక్కింటి పదో తరగతి పిల్లను అడిగాను. ‘వలె’, ‘వంటి’ కోసం వెతికింది. దొరకలేదు కాబట్టి అలంకారమే లేదంది.

పిల్లనేమీ అనలేం. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు గళ్లు గీసి నింపించే చదువు మనది. అదే ట్యాంకర్‌ను నాలుగు రకాలుగా పలికి చూడమన్నాను. ‘ట్యాంకర్ ఏనుగులా ఊగుతూ వచ్చింది’ అంటే ఉపమ; రెండూ వేరని ఒప్పుకుంటూనే పోల్చాం. ‘ఏనుగే గల్లీలో దూరిందా అన్నట్టుంది’ అంటే ఉత్ప్రేక్ష. ‘ట్యాంకరనే ఏనుగు వచ్చింది’ అంటే రూపకం, భేదం పోయింది. ట్యాంకర్ పేరే ఎత్తకుండా ‘ఏనుగొచ్చింది’ అనేస్తే ఉపమానం ఉపమేయాన్ని మింగేసినట్టే. ఆలంకారికులు దాన్ని రూపకాతిశయోక్తి అన్నారు. అది చెల్లాలంటే వినేవాళ్లకు విషయం ముందే తెలిసుండాలి. మా గల్లీలో పాతవాళ్లు బిందెలతో పరిగెత్తుతారు, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఏనుగు కోసం తొంగిచూస్తారు. అలంకారం పేరు చెప్పమనే ప్రశ్నపత్రాలు, అది ఎవరికి అందుతుందో ఎందుకు అడగవో నాకు అర్థం కాదు.

ఛందస్సంటే భయం ఇంకా ఎక్కువ. బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచిన మా మెట్లబావి 17వ శతాబ్దం నాటిదంటారు. అప్పకవి యతిప్రాసల లెక్కలు తేల్చిందీ ఆ శతాబ్దంలోనే. ఆ బావి దగ్గరే పిల్లకు ఆటవెలది చెప్పాను. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే ఒక గురువు, ఒక లఘువు. లేదా మూడు లఘువులు. సరి పాదం ఒకటి అప్పటికప్పుడు అల్లాను: ‘బిందె పట్టుకొచ్చి పిలిచె పిన్ని’. పాదం మొదట ‘బి’, నాలుగో గణం మొదట ‘పి’. బ, పలకు యతిమైత్రి ఉంది, అచ్చూ కలిసింది.

యతి అంటే ఆగడమని కొందరు నేర్పుతారు. సంస్కృతానికి అది సరే. తెలుగులో ఆగనక్కర్లేదు, మాట ఆ చోటు దాటి సాగిపోవచ్చు. అక్షరం మాత్రం మొదటిదాన్ని తలపించాలి. మెట్లు దిగుతుంటే నడుమ వచ్చే చప్టా మీద నిలబడకపోయినా కాలికి తెలుస్తుంది చూడండి, అలా.

పాదం విన్న మా కేకల ఆమెకు కోపమొచ్చింది. “పిన్నేంది? అక్క అనరాదా?” అంది. అక్క కూడా గురువు, లఘువే, గణం చెడదు. సరేనని మార్చబోతే సంధి అడ్డుపడింది. ‘పిలిచె’ తర్వాత ‘అక్క’ వస్తే నడుమ నకారం దూరి ‘పిలిచెనక్క’ అవుతుంది. పిల్ల పగలబడి నవ్వింది. ఇది శ్లేష అని ఆమెకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను.