కూలి హక్కా, కరుణా? - నీతి ఆయోగ్ నివేదికపై ఒక విమర్శ

యాప్‌ల ద్వారా బళ్ళు నడిపేవారిని, ఇంటింటికీ ఆహారం చేరవేసేవారిని గూర్చి నీతి ఆయోగ్ 2022 జూన్‌లో ఒక నివేదికను ప్రకటించింది. ఇటువంటి శ్రామికులు 2020-21లో 77 లక్షల మంది ఉన్నారనీ, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరనీ అందులోని అంచనా. జీతంతో కూడిన అనారోగ్య సెలవు, ప్రమాద బీమా, వృద్ధాప్య పింఛను ఉండాలన్న సూచనలు హర్షణీయమైనవే. అయితే ఈ శ్రామికుడు ఎవరి పనివాడన్న మూలప్రశ్న అలాగే మిగిలిపోయింది. అతను సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలివాడన్న నిర్వచనంతోనే నివేదిక తృప్తిపడింది.

ఫిఖ్‌హ్ శాస్త్రానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 12వ శతాబ్దికి చెందిన మర్గీనానీ తన ‘హిదాయా’లో శ్రామికులను రెండు తరగతులుగా చూపాడు. బట్టలకు రంగులద్దేవాడు అజీర్ ముష్తరక్. పదిమందికీ పనిచేస్తాడు, పని ముగిస్తేనే కూలి. నెలకు కుదిరిన గొర్రెల కాపరి అజీర్ ఖాస్. ఆ గడువులో తన్నుతాను అప్పగించుకుంటే చాలు, పని తగలకపోయినా కూలికి హక్కుదారుడు.

రంగులద్దేవాడు తన ధర తానే చెప్పుకోగలడు. యాప్ శ్రామికునికి ధర కట్టేది, పని పంచేది కంపెనీయే. అంటే అతనికి ముష్తరక్ స్వేచ్ఛా లేదు, ఖాస్ హక్కూ లేదు. ఎండలో ఆర్డరు కోసం వేచిన గంటలు ఎవరి లెక్కలోకి రావాలి? డ్రైవరు తన లైసెన్సు ప్రాంతంలో యాప్ తెరచి సవారీకి సిద్ధంగా ఉన్న సమయమంతా పనివేళేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ కేసులో తీర్పు చెప్పింది. ఖాస్ అజీర్ సూత్రానికి ఇది ఎంత సమీపమో గమనించదగును.

మన దేశంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం నిధికి చెల్లించాలంటున్నది. అదికూడా శ్రామికులకు చెల్లించవలసిన సొమ్ములో 5 శాతానికి మించరాదట. నిధి మంచిదే. కాని సదఖా కూలికి బదులు కాజాలదు. సదఖా దాత ఔదార్యం; కూలి శ్రామికుని సొత్తు. చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పమన్న దైవప్రవక్త (స) ఆదేశంలోని అంతరార్థం ఇదే.

ఇరుపక్షాలను విననిదే తీర్పు చెప్పరాదని ఖాజీకి నియమం. ఓటువేసేచోట అందరితో సమానుడైన పౌరుడు, ఒక్క సందేశంతో ఖాతా మూతపడినప్పుడు తన గోడు వినిపించుకునే తావైనా లేనివాడైతే ఆ సమానత్వం సగమే. నిరీక్షణకు వేతనం, ముందుగా తెలిసిన కూలి, విచారణ లేనిదే తొలగించరాదన్న కట్టుబాటు - ఈ మూడింటి తరువాతనే సంక్షేమం మాట.