లెక్కకు రాని రొట్టె

జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లకు వారమంతా లెక్కే. వెయ్యికి ఇంత కూలి. బాగా లేవని ఏరి పక్కన పడేసినవాటికి అదీ లేదు. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద మీటరు లెక్క. ఆ చేతులే ఆదివారం ప్రభు భోజనానికి చాచినప్పుడు అందేది కూలి కాదు, కృప. కతోలికులు దాన్ని దివ్య సత్ప్రసాదం అంటారు. ప్రసాదమంటే అనుగ్రహమూ, ప్రసన్నతా. గ్రీకులో యూకరిస్తియా అన్న మాటలోనూ కృప దాగి ఉంది. ఆ భాషలో సంతోషం దాని తోబుట్టువు. కృప, సంతోషం రెండూ ప్రభువు బల్ల దగ్గర కలుస్తున్నాయా? ఇక్కడి రెండు పద్ధతులను ఆ కొలతతోనే చూద్దాం.

మొదటిది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)ది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు ఏకమైన సంఘం అది. జగిత్యాల కరీంనగర్ డయాసిస్‌లోకి వస్తుంది. సంస్కారానికి అచ్చయిన క్రమం ఉంది. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, ఆ తర్వాతే బల్ల. ఒకరికొకరు శాంతి సమాధానం చెప్పుకునేటప్పుడు పక్కవారి కుడిచేతిని తమ రెండు చేతుల్లోకి తీసుకుంటారు. ముందుకెళ్లి మోకాళ్లూని, ఖాళీ అరచెయ్యి చాస్తారు. ఆ పూట నోట ప్రార్థన రానివారినీ క్రమమే నడిపిస్తుంది.

రెండోది సువార్తికుడు భక్తసింగ్ బాట. 1950లో హైదరాబాదులో ఆయన ఆరాధనా కేంద్రం హెబ్రోను మొదలయ్యాక ఆ తరహా సహవాసాలు తెలుగునాట పెరిగాయి. ఇక్కడ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఆరాధనకు అచ్చయిన క్రమం లేదు. చాపల మీద కూర్చున్నవారిలో ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి స్తుతిస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందు.

కృప మనకన్నా ముందే ఉందని చెప్పడంలో మొదటిది మేలు. సంతోషానికి గొంతు ఇవ్వడంలో రెండోది. అయితే క్రమం అలవాటైతే పెదవులే కదులుతాయి. స్తుతి ధాటిగా చేసేవారిదే పైచేయి అయితే మాట రానివారు తమలో ఏదో లోపముందనుకుంటారు.

ఒక జబ్బు మాత్రం రెండు చోట్లా ఉంది. యోగ్యత లేదనుకుని రొట్టె ముట్టకుండా ఉండిపోయేవారు ఇక్కడా అక్కడా ఉన్నారు. ఆ భయానికి ఆధారం కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయంలో అయోగ్యంగా తినడం గురించిన మాట. కానీ అక్కడి తగాదా వేరు. ఉన్నవారు ముందే తిని తాగి మత్తులో ఉంటే, లేనివారు ఆకలితో మిగిలారు. పౌలు మందలించింది ఆ పంక్తిభేదాన్ని. దాన్ని మరచి ఆ మాటను మనిషి మనసు మీదికి తిప్పితే, బల్ల కూడా బీడీలు ఏరే చోటులా మారుతుంది.

అందుకే ఆ అధ్యాయానికి నాకు నచ్చిన వ్యాఖ్యానం ప్రేమవిందే. పాటలయ్యాక చాపలు వరుసగా పరుస్తారు. అన్నం, పప్పు వడ్డించేవారు ఎవరి పక్కన ఎవరున్నారో చూడరు. సీఎస్ఐ క్రమం క్షమాపణ ప్రకటించాక ఈ పంక్తి కూడా వేస్తే, వెయ్యి లెక్కతో వచ్చిన అమ్మ ఆ పూట లెక్క మరచి రెండోసారి అన్నం అడగగలదు.