ఎనిమిదో ఇల్లు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ తిరుగుళ్ళన్నీ అయి, ఒక ఇంట్లో కుదురుకుని, పదేళ్ళు అక్కడే బతికిన పిల్లి సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరు. యజమాని ఊరు మారతాడు, లేదా కాలం చేస్తాడు. పిల్లి షెల్టర్‌కు చేరుతుంది. దత్తతకు వచ్చినవాళ్ళ చూపు అరచేతిలో ఇమిడే కూనల మీదికే పోతుంది. పెద్దది మూలనే మిగిలిపోతుంది.

హనుమకొండలోని సుబేదారిలాంటి చోట అలాంటి పిల్లికి తగిన ఇళ్ళున్నాయి. కలెక్టరేట్, ఆర్ట్స్ కాలేజీ ఉన్న ఈ పేటలో ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడినవాళ్ళు ఉంటారు. అలాంటి ఇంట్లో 68 ఏళ్ళ పెద్దాయన రెండు నెలల కూనను తెచ్చుకున్నాడనుకుందాం. ఇంటిపట్టున పెరిగే పిల్లి 15 ఏళ్ళు బతకడం మామూలే. అప్పటికి ఆయనకు 83. మధ్యలో ఆయనకేమన్నా అయితే దాన్ని చూసేదెవరు? పదేళ్ళ పిల్లినైతే ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది. పైగా కూన కర్టెన్లెక్కుతుంది, అర్ధరాత్రి మంచం మీద పరుగులు తీస్తుంది. పెద్దది పొద్దున ఎండ పడే కిటికీ వెతుక్కుని గంటల తరబడి కూర్చుంటుంది.

హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూక్రాస్ కుక్కలతో పాటు పిల్లుల్నీ కాపాడి దత్తతకు ఇస్తుంది. కాజీపేటలో రైలెక్కితే ఒక్క రోజులో వెళ్ళిరావచ్చు.

తెచ్చుకున్నాక అసలు పని తిండి దగ్గర మొదలవుతుంది. మన ఇళ్ళలో పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నం. ప్రేమతోనే పెడతారు, కానీ అది దాని తిండి కాదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం, చేపల నుంచే అందాలి. అది లేకపోతే చూపు పోతుంది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చారు. ఇక పాలు పెద్ద పిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి.

ముసలితనపు నొప్పిని పిల్లి బయటపెట్టదు. 2002లో అమెరికాలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లుల్లో కీళ్ళ అరుగుదల కనిపించింది. నిన్నటిదాకా సోఫా మీదికి దూకిన పిల్లి ఇవాళ కిందే ఆగిపోతే, అది బద్ధకం కాదు. పక్కన ఓ పీట వేస్తే చాలు, మెట్టులా వాడుకుంటుంది. నీళ్ళు ఎక్కువ తాగుతున్నా, ఒళ్ళు తగ్గుతున్నా డాక్టర్‌కు చూపించాలి, మూత్రపిండాల జబ్బు ఈ వయసులో ఎక్కువ. ఒక్క హెచ్చరిక మాత్రం ప్రతి ఇంటికీ తెలియాలి: మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

కొత్తగా ఇంటికి తెచ్చిన పిల్లికి మొదటి వారం ఒక్క గదే ఇవ్వాలి. ఓ మూల ఇసుక ట్రే, దానికి దూరంగా తిండీ నీళ్ళూ, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె. మంచం కిందికి దూరితే దూరనివ్వాలి, చెయ్యి పెట్టి లాగకూడదు. అదే గదిలో పేపరు చదువుకుంటూ కూర్చోవడం మేలు. అది తలెత్తి చూస్తే కళ్ళు మెల్లగా మూసి, మెల్లగా తెరవాలి. ఇలా చేసిన మనిషికి పిల్లి కూడా అలాగే బదులిస్తుందని, కొత్తవాళ్ళ దగ్గరికైనా వచ్చే అవకాశం పెరుగుతుందని 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు గమనించారు.

షెల్టర్ నుంచి బయల్దేరేటప్పుడు, అది ఇన్నాళ్ళూ పడుకున్న పాత గుడ్డను కూడా అడిగి తెచ్చుకోవాలి. ఉతకకుండా అట్టపెట్టెలో పరిస్తే, కొత్త ఇంట్లో మొదటి రాత్రి తన వాసన ఉన్న చోటు దానికి అదొక్కటే.