ఆపే చెయ్యి ఎవరిది?

సూరత్ పక్కన కడోదరాలో కంప్యూటర్ కొనడం కష్టం కాదు, దాన్ని పెట్టే బల్లకు జాగా దొరకడమే కష్టం. ముంబై–అహ్మదాబాద్ హైవే, సూరత్–నాగపూర్ రోడ్డు కలిసే చౌరస్తా మాది. చుట్టూ జీఐడీసీ పారిశ్రామికవాడ షెడ్లు, అద్దకం మిల్లులు, సాంచాల (మరమగ్గాల) ఖాతాలు. చాలా ఖాతాల్లో ఇప్పటికీ పన్నెండు గంటల పాలీలే, అంటే షిఫ్టులే. పగటి పాలీ మనిషి లేచి వెళ్లిన చాప మీదే రాత్రి పాలీ మనిషి వచ్చి పడుకునే గదులు ఈ గల్లీల్లో ఎన్నో. ఆ గదుల్లో ఆటలు లేవని కాదు, అందరి చేతిలో ఫోనుంది, ఆడుతూనే ఉంటారు. కానీ వంద గంటలు సాగే ఆట, ఒక మనిషి వేషం కట్టి, వాడి మంచిచెడ్డలన్నీ మన నెత్తినేసుకుని ఆడే ఆట, ఆ చాప మీద ఎలా సాగుతుంది?

ఆర్పీజీల (రోల్ ప్లేయింగ్ గేమ్‌ల) గురించే చెబుతున్నాను. వాటిని పీసీ మీద ఆడాలా, చేతిలో పట్టే కన్సోల్ మీద ఆడాలా అన్నది మా స్నేహితుల మధ్య తెగని తగువు. పీసీ వాళ్లు బొమ్మ గురించి మాట్లాడతారు, చేతి కన్సోల్ వాళ్లు సౌకర్యం గురించి. నా ఇంట్లో రెండూ ఉన్నాయి కాబట్టి రెండు పక్షాల వాళ్లూ నన్ను తమవాణ్ణే అనుకుంటారు. నన్నడిగితే బొమ్మా, సౌకర్యమూ రెండూ పైపై మాటలే. పీసీ మీద ఆటను ఆపేది నేను. చేతి కన్సోల్ మీద ఆపేది నేను కాదు: పాలీ సైరనో, స్టేషనో, వంటింట్లోంచి వచ్చిన పిలుపో. ఆటను తయారుచేసినవాడికి ఈ సంగతి తెలుసు. తెలిసి కథను ఎక్కడెక్కడ కొయ్యాలో ముందే గీత గీసి పెడతాడు.

నా ఉద్యోగం జెకార్డు డిజైన్లు గియ్యడం. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చుని, పోగు లేవాల్సిన చోట గడి నింపుతూ, లేవకూడని చోట ఖాళీగా వదులుతుంటాను. మా పాతకాలపు మాస్టర్లు ఇదే పని గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో చేసేవాళ్లు. 1981లో ఆపిల్ కంప్యూటర్ మీద వచ్చిన విజార్డ్రీ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు. ఆ ఆటలో చిక్కుదారుల అంతస్తులుంటాయి, ఒక్కొక్కటీ ఇరవై గళ్ల పొడవు, ఇరవై గళ్ల వెడల్పు. తెర మీద పటం చూపించరు. ఆడేవాడే పక్కన గళ్ల కాగితం పెట్టుకుని, ఒక్కో అడుగూ లెక్కపెట్టి, గోడ ఎక్కడుందో తలుపు ఎక్కడుందో గీసుకోవాలి. ఆ ఆటకు కంప్యూటర్ ఎంత అవసరమో బల్ల కూడా అంతే అవసరం. కాగితం పెట్టడానికి చోటుండాలి కదా.

బల్ల లేనివాళ్లకు ఆ ఆటను చేర్చిన వాళ్లలో ముఖ్యుడు యూజీ హోరీ. విజార్డ్రీ, అల్టిమా ఆటలను ఇష్టపడి, వాటి సారం తీసి, 1986లో టీవీకి తగిలించే ఫామికామ్ మీద డ్రాగన్ క్వెస్ట్ తెచ్చాడు. అందులో ఆటను దాచుకునే చిప్ లేదు. ఆపాలంటే ఇరవై అక్షరాల మంత్రం ఒకటి తెర మీద వస్తుంది. నోటుబుక్‌లో రాసుకోవాలి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క అక్షరం తప్పకుండా కొట్టాలి. మొత్తం ప్రయాణమంతా ఆ ఇరవై అక్షరాల్లో ఉంటుంది. అదే సిరీస్‌లో తొమ్మిదో ఆటను 2009లో హోరీ పెద్ద కన్సోల్‌కు కాకుండా నింటెండో డీఎస్‌కు ఇచ్చాడు. జపాన్ అంతా ఎదురుచూసే ఆట, రెండు చిన్న తెరలున్న మడత డబ్బా మీద! పైగా సేవ్ చేసుకోవడానికి ఒకే ఒక్క గది. అన్నదమ్ములిద్దరికి ఆట కావాలంటే రెండు కార్ట్రిడ్జ్‌లు కొనాల్సిందే. వ్యాపారం తెలిసినవాడు, ఏమంటాం.

కానీ ఆ ఒక్క గదిలో వ్యాపారాన్ని మించింది ఉందనే అనుకుంటాను. 1996లో గేమ్ బాయ్ మీద వచ్చిన మొదటి పోకెమాన్‌లోనూ ఒకే సేవ్. కార్ట్రిడ్జ్‌లో బిళ్ల బ్యాటరీ ఒకటి దాన్ని బతికించి ఉంచేది. వదిలేసిన పోకెమాన్ వెనక్కి రాదు, అమ్మేసిన వస్తువు పోయినట్టే. పీసీలో ఆ లెక్క వేరు. బాల్డర్స్ గేట్ 3లో ఎఫ్5 నొక్కితే ఆట అక్కడికి భద్రం, ఎఫ్8 నొక్కితే మళ్లీ అక్కడికే. ప్రతి కష్టమైన మాటకూ ఇరవై ముఖాల పాచిక పడుతుంది. పాచిక మనకు నచ్చలేదా, ఎఫ్8. మళ్లీ నచ్చలేదా, మళ్లీ ఎఫ్8. అలా విధితో బేరమాడి గెలిచినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆట చివర వాళ్ల వీరుడు మచ్చలేని మహానుభావుడై ఉంటాడు, ఒక్క ముచ్చటా గుర్తుండదు. తయారుచేసిన లారియన్ వాళ్లకే ఈ బేరం విసుగొచ్చిందో ఏమో, 2023 నవంబర్ చివర్లో ఆనర్ మోడ్ అని పెట్టారు. అందులో ఒకే సేవ్. పాతికేళ్లు దాటాక గేమ్ బాయ్ దగ్గరికే వచ్చారు.

మన ఊళ్లలో పీసీ ఆర్పీజీ ఎందుకు వేళ్లూనలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. 1998లో మొదటి బాల్డర్స్ గేట్, మరుసటి ఏడు ప్లేన్‌స్కేప్ టార్మెంట్ వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తెలుగు పట్టణాల్లో ఇంటర్నెట్ సెంటర్లు లేచాయి. గంటకింత అని డబ్బు కట్టి కూర్చునే చోట ఎవరైనా ఏం ఆడతారు? కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, తర్వాత వైస్ సిటీ. గంటలో మొదలై గంటలో ముగిసేవి, లేదా ఎక్కడ వదిలేసినా బాధలేనివి. ఆర్పీజీకి గంట చాలదు, పైగా మన సేవ్ ఆ మూడో నంబర్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. రేపు వెళ్లేసరికి దాని ముందు ఇంకొకడు కూర్చుని ఉంటాడు, లేదా ఓనరు విండోస్ మళ్లీ ఎక్కించి ఉంటాడు. కథను దాచుకోవడానికి సొంత పెట్టె లేనివాడికి పొడుగు కథ అందదు.

అందుకే మా తరంలో చాలామందికి మొదటి ఆర్పీజీ పోకెమానే, అదీ వింతగా పీసీ మీద. విజువల్ బాయ్ అడ్వాన్స్ అనే చిన్న ప్రోగ్రాం, పెన్‌డ్రైవ్‌లో ఫైర్‌రెడ్ ఆట. దొంగ కాపీయే, దానికి వేరే ముద్దుపేరు అక్కర్లేదు. అరచేతిలో పట్టే ఆటను పదిహేడు అంగుళాల తెర మీద అగ్గిపెట్టెంత కిటికీలో చూసుకుంటూ ఆడాం. సేవ్ మాత్రం పెన్‌డ్రైవ్‌తో పాటు మన జేబులోకి వచ్చేది. అది చాలు.

మన దేశంలో సరైన దారిన దొరికిన చేతి కన్సోల్ సోనీ పీఎస్పీ. దానికి మన హైదరాబాద్ చెయ్యి కూడా కలిసింది: 2009లో గేమ్‌శాస్త్ర కంపెనీ దేశీ అడ్డా అనే ఆట చేసింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాల పోటీ. ఆర్పీజీ కాదులెండి, కానీ ఉత్తరాయణానికి మాంజా గాజుపొడి వాసనలో తేలే సూరత్‌లో ఉంటూ, హైదరాబాద్ వాళ్లు చేసిన గాలిపటాన్ని అరచేతిలో ఎగరెయ్యడం నాకు భలే సరదా.

ఇక ఇప్పటి సంగతి. 2022లో స్టీమ్ డెక్ వచ్చాక పీసీకీ చేతి కన్సోల్‌కీ మధ్య గోడ సగం కూలింది. అది మన దేశంలో అమ్మకానికి రాకపోయినా, 2023 జూలైలో ఆసుస్ వాళ్ల ఆర్ఓజీ ఆలీ 69,990 రూపాయలకు వచ్చింది. చేతిలో పట్టే డబ్బాలో పూర్తి విండోస్. ఆరు వందల చిల్లర గ్రాముల బరువు. బ్యాటరీ 40 వాట్ అవర్లు, పెద్ద ఆట ఇరవై వాట్లు లాగిందంటే రెండు గంటల్లో ఖాళీ. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచిన పాత గేమ్ బాయ్ దీన్ని చూసి నవ్వుకోవాలి. అయినా, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అర్ధరాత్రి దాటాక సూరత్‌లో ఎక్కితే వరంగల్ చేరేసరికి మళ్లీ రాత్రే. ఆ ప్రయాణంలో ఛార్జింగ్ ప్లగ్గు పక్కన సీటు దొరికినవాడే రాజు.

ఆలీ వచ్చాక నాకు ఒకే ఆట, ఒకే సేవ్, రెండు చోట్ల. ఇంట్లో పీసీ మీద ఆపిన చోటు నుంచే దారిలో కన్సోల్ మీద మొదలవుతుంది. తేడా పోవాలి కదా? పోలేదు. చేతిలో ఉన్నప్పుడు నేను చేసేవి చిల్లర పనులు: సంచులు సర్దడం, కత్తులు అమ్మడం, దారిలో దొరికిన చిన్న యుద్ధాలు, వదిలేసిన గుహలు. ఎవరితోనైనా ముఖ్యమైన మాట మొదలవుతుందని తెలిస్తే బటన్ నొక్కి నిద్రపుచ్చేస్తాను. ఏడంగుళాల తెర మీద అక్షరాలు చిన్నవన్నది ఒక సాకు మాత్రమే. చౌరస్తా ఫ్లైఓవర్ కింద ఆటోలో కుదుపుల మధ్య ఒకడి ప్రాణం ఉంచాలా తియ్యాలా అని తేల్చడం నాకు సబబుగా తోచదు. వరుసగా ఒకరి తర్వాత ఒకరు దెబ్బ వేసే యుద్ధాలైతే ఎన్ని ముక్కలు చేసినా చెడవు. అందుకే ఆ పద్ధతి చేతి కన్సోల్ మీద అంతకాలం బతికింది. మాటలు ముక్కలైతే మాత్రం చెడతాయి. నాలుగు రోజుల తర్వాత తెరిస్తే వీడు నా మీద ఎందుకు అలిగాడో గుర్తురాదు.

ఒక్క ఆట మాత్రం బల్ల పని, చేతి పని అనే ఈ లెక్కకు లొంగలేదు: అట్లస్ వాళ్లు 2007లో డీఎస్ మీద తెచ్చిన ఎట్రియన్ ఒడిస్సీ. పై తెర మీద చిక్కుదారి, కింది తెర మీద గళ్ల కాగితం. పుల్లతో మనమే గోడలు గీసుకోవాలి. విజార్డ్రీకి కావలసిన బల్లను మడిచి డబ్బాలో పెట్టేశారు. పొద్దంతా గళ్లు నింపి ఇంటికొచ్చి మళ్లీ గళ్లేనా అని ఇంట్లో నవ్వుతారు. ఆఫీసు గళ్లు చీరలవుతాయి, ఇవి ఏమీ కావు. ఆ ఏమీ కాకపోవడమే నాకు హాయి.

ఇంతకూ పొడుగు కథను మోసుకు తిరగడం జపాన్ వాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. సూరత్ లింబాయత్‌లో, ఇటు కడోదరాలో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ నుంచి సాంచాల వెంట వచ్చిన పద్మశాలీలే. వాళ్ల కులపురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసిన పటాన్ని చుట్టి, భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. మూడడుగుల వెడల్పు, నలభై అడుగులు దాటే పొడుగు, మార్కండేయుడి నుంచి భావనాఋషి దాకా బొమ్మ తర్వాత బొమ్మ. ఒక రాత్రికి పటం ఎంత విప్పితే కథ అంతే, మిగిలింది రేపు. చేతి కన్సోల్‌కు ఇంతకంటే దగ్గరి పూర్వీకుడు నాకు కనిపించడు, ఒక్క విషయంలో తప్ప: ఆ పటం ముందు ఊరంతా కూర్చునేది. నా ఆలీ ముందు నేనొక్కణ్ణే, ఇంకొకడు భుజం మీంచి తొంగిచూస్తే ఇద్దరికీ మెడ నొప్పి.

పీసీ దగ్గర నేను ఓడిపోయేది ఇక్కడే. సెలవు రోజున మా గల్లీ పిల్లలు ముగ్గురు వచ్చి నా బల్ల వెనక మంచం మీద వరుసగా కూర్చుంటారు. బాల్డర్స్ గేట్ 3 ఎన్నో భాషల్లో ఉంది, తెలుగులో లేదు. పిల్లలకు గుజరాతీ చదవడం వచ్చు, హిందీ వచ్చు, ఇద్దరు కార్పొరేషన్ తెలుగు మీడియం స్కూల్లో చదివారు. ఆ ఇంగ్లిష్ మాత్రం వాళ్లకు మింగుడుపడదు. అందుకని నేను ఒక్కో మాటా చదివి తెలుగులో చెబుతాను, దేవకన్యకో గొంతు, రాక్షసుడికో గొంతు. జవాబు ఏమివ్వాలో వాళ్లు తేలుస్తారు. అలా ఆడితే గంటకు ఒక గది కూడా దాటం.

పోయిన వారం సాజా దగ్గర ఆగిపోయాం. తోటలో బోనులో పెట్టిన గాబ్లిన్ ఆడది, ఎదురుగా ఒకతె విల్లు ఎక్కుపెట్టి చంపడానికి సిద్ధంగా ఉంది. అడ్డుపడాలా, ఊరుకోవాలా? పెద్దవాడు ఊరుకుందామన్నాడు, ఆ విల్లు పట్టినామె సోదరుణ్ణి గాబ్లిన్లు చంపారుగా అని. చిన్నది ఒప్పుకోలేదు.

"కాకా, బోనులో ఉన్నదాన్ని కొట్టుడేంది? ముందు బయటికి తియ్యి, అటెన్క కొట్లాడుదాం."

మూడోవాడు ఎటూ తేల్చలేదు. ఎఫ్5 నొక్కి రెండూ చూపించమని అడిగాడు. కుదరదన్నాను. ముగ్గురూ నా మీద అలిగి పతంగులకు వెళ్లిపోయారు. ఓటు ఈ వారానికి వాయిదా పడింది.