బ్రోకెన్ లింక్ చెకర్: ఒక విమర్శనాత్మక పరిశీలన

వర్డ్‌ప్రెస్ గురించి మీరు తరచుగా వినే సలహా ఒకటుంది: ప్లగిన్ల సంఖ్య తగ్గించండి, సైట్ వేగం పెరుగుతుంది. ఇది సగమే నిజం. ముప్పై చిన్న ప్లగిన్లు సర్వర్‌కు భారం కాకపోవచ్చు. ఒక్కటే దాన్ని కుంగదీయవచ్చు. లెక్కించవలసింది ప్లగిన్లను కాదు, అవి చేయించే పనిని.

బ్రోకెన్ లింక్ చెకర్ అనే ప్లగిన్‌నే తీసుకోండి. వ్యాసాల్లోని లింకులు పనిచేస్తున్నాయో లేదో చూసి, చెడిపోయినవాటి జాబితా ఇస్తుంది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ పని ఎక్కడ జరుగుతుందో గమనించండి. దాని పాత రూపంలో లింకులన్నీ సైట్ డేటాబేస్‌లోని ప్రత్యేక పట్టికల్లోకి చేరతాయి. తరువాత మీ సర్వరే ఒక్కో లింకునూ తెరిచి చూడాలి. మీరు సెట్టింగ్ మార్చకపోతే ప్రతి 72 గంటలకూ ఇదే తంతు. 500 వ్యాసాలు, వ్యాసానికి 10 లింకులు ఉన్నాయనుకోండి. మొత్తం 5,000 లింకులు. సగటున గంటకు దాదాపు 70 పరిశీలనలు!

పైగా వర్డ్‌ప్రెస్‌కు సొంత గడియారం లేదు. ఎవరైనా పేజీ తెరిచినప్పుడే, వేళ అయిన పనులున్నాయేమో చూసుకొని మొదలుపెడుతుంది. అంటే పాఠకుడు వ్యాసం కోసం వచ్చిన సమయంలోనే ఈ చాకిరీ కూడా సర్వర్ నెత్తిన పడుతుంది.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద ఎన్నో సైట్లు ఉంటాయి, ఒకే బోరు నీళ్లు వాడుకునే అపార్ట్‌మెంట్ ఇళ్లలాగా. ఒక ఇంట్లో కుళాయి కట్టకపోతే పై అంతస్తువారికి నీళ్లు అందవు. అందుకే హోస్టింగ్ కంపెనీలు ఒక్కో ఖాతాకు పరిమితి పెడతాయి. అది దాటితే సైట్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. యజమాని కంపెనీని తిట్టుకుంటాడు గానీ ప్లగిన్‌ను అనుమానించడు. డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ సంస్థ ఈ ప్లగిన్‌ను నిషేధిత జాబితాలో చేర్చింది. కఠినమే, కానీ అన్యాయం కాదు.

2023లో వచ్చిన 2.0 రూపంలో, కోరుకున్నవారికి పరిశీలన తయారీదారుల క్లౌడ్‌లోనే జరిగే ఏర్పాటు వచ్చింది. భారం ఎక్కడుందో వారే ఒప్పుకున్నట్టయింది. నా ఫిర్యాదు ఈ ఒక్క ప్లగిన్ మీద కాదు. ఏమేం చేస్తుందో ప్లగిన్ పరిచయ పేజీలు ఘనంగా చెబుతాయి. సర్వర్ నుంచి ఎంత తీసుకుంటుందో చాలావరకు చెప్పవు. నక్షత్రాలిచ్చే వాడుకరికి తన తెర కనిపిస్తుంది, సర్వర్ కనిపించదు.

పాత రూపమే వాడవలసివస్తే, నెలకోసారి రద్దీ లేని వేళ ఆన్ చేయండి. లింకులు సరిచేసుకొని, వెంటనే ఆపేయండి.