నీటిమట్టం వెంట కంకర బాట

కనాల్ దు మిది గట్టు మీద సైకిలు తొక్కేవాడికి కాసేపటికే ఒక సంగతి తడుతుంది: గేరు మార్చాల్సిన పనే పడటం లేదు. దక్షిణ ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి తో సరస్సు దాకా ఈ కాలువ పొడుగు 240 కిలోమీటర్లు. దారి పొడుగునా గుట్టలున్నాయి, వాగులున్నాయి, ఎత్తుపల్లాల ద్రాక్షతోటలున్నాయి. అయినా ముందు చక్రం కింద నేల లేవదు, కుంగదు. లాకు వచ్చినచోట రెండు మూడు మీటర్ల చిన్న వాలు, మళ్ళీ సమతలం. ఆ సమతలం నేల ఇచ్చింది కాదు. 1666 నుంచి 1681 దాకా వేలమంది పారలతో, తట్టలతో చేసిన పని.

కార్లు తిరిగే తారు రోడ్డు వదిలేసి కంకర బాటలు, అడవి దారులు, పొలాల డొంకలు పట్టి రోజుల తరబడి సాగే ప్రయాణమే గ్రావెల్ సైక్లింగ్. రేసు సైకిలుకున్నట్టే వంగిన హ్యాండిలు ఉంటుంది, టైర్లు మాత్రం నలభై మిల్లీమీటర్ల లావు. ఫ్రెంచి పల్లెల్లో ఇలాంటి దారులకు కొదవ లేదు. మూతపడిన రైలు కట్టలున్నాయి, తోటల మధ్య బండి బాటలున్నాయి. వాటిలో చాలా మటుకు జనం నడిచి నడిచి పడినవి. ఈ గట్టు అలా పడింది కాదు, నీటి కోసం మట్టం చూసి తీసింది. పడవలను లాగే గుర్రాల కోసం దాని పక్కన బాట విడిచిపెట్టారు. ఆ గుర్రాలు పోయాక సైకిళ్ళు వచ్చాయి.

అట్లాంటిక్ వైపు పారే గారోన్ నదినీ మధ్యధరా సముద్రాన్నీ కలపాలన్న ఊహ పాతదే. చిక్కు తవ్వకంలో లేదు, నీళ్ళలో ఉంది. రెండు వైపులకూ నడుమ మిట్ట నోరూజ్, ఎత్తు 189 మీటర్లు. పడవ ఎటు దిగినా, లాకు తెరిచిన ప్రతిసారీ మిట్ట మీది నీళ్ళు కిందికి పోతాయి. అంటే నోరూజ్‌కి ఏడాది పొడుగునా నీళ్ళు తెచ్చి పొయ్యాలి. దీనికి జవాబు కనిపెట్టినవాడు ఇంజనీరు కాదు. పియేర్-పోల్ రికే, బేజియే ఊరివాడు, ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. తూర్పున ఉన్న మోంతాన్య్ న్వార్ కొండల వాగులను మళ్ళించి మిట్టకు తేవచ్చని 1662లో మంత్రి కోల్బేర్‌కి ఉత్తరం రాశాడు. కాగితం మీది మాట నమ్మేవాళ్ళు తక్కువ. 1665లో ముందుగా ఒక చిన్న ప్రయోగపు కాలువ తవ్వించి, సోర్ వాగు నీళ్ళను నోరూజ్ దాకా పారించి చూపించాడు. మరుసటి ఏడు పద్నాలుగో లూయీ ఆజ్ఞ వెలువడింది.

ఆ ప్రయోగం తర్వాత తీసిన అసలు ఫీడర్ కాలువ ఇప్పటికీ పారుతోంది. పేరు రిగోల్ ద లా ప్లేన్. రెవెల్ ఊరి దగ్గర పోన్ క్రూజే వద్ద సోర్ నుంచి మొదలై దాదాపు 38 కిలోమీటర్లు నడిచి నోరూజ్ చేరుతుంది. తిన్నగా గీత గీస్తే ఇదే దూరం ఇరవై కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మిగిలిన దూరమంతా వంపులే. గుట్ట ఎదురైతే దాని నడుం చుట్టి పోతుంది. లోయ అడ్డొస్తే లోపలిదాకా వెళ్ళి, మట్టం చెడకుండా అవతలి ఒడ్డు పట్టుకుని తిరిగొస్తుంది. వాలు కాస్త ఎక్కువైతే నీరు గట్టును కోసేస్తుంది, తక్కువైతే పూడిక పడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న సందు చాలా సన్నం. మూడున్నర శతాబ్దాల కింద, ఈ కాలపు సర్వే పరికరాలేవీ లేనినాడు ఆ సందులోంచే ఇన్ని కిలోమీటర్లు నడిపించారు. రెవెల్ ఊరి నీటి వ్యవహారాలు చూసే పియేర్ కాంప్మాస్ ఆ కొండల వాగుల సంగతి తెలిసినవాడు. ఈ పనిలో రికేకి అండగా నిలిచింది అతనే.

ఈ ఫీడర్ గట్టు మీది బాట సైకిలుకు ఇరుకు, నీడ బాగా ఎక్కువ. కింద మట్టి, అక్కడక్కడ కంకర, వాన పడితే బురద. పక్కనే నీళ్ళు చప్పుడు చెయ్యకుండా కదులుతుంటాయి. కదులుతున్నాయని తెలియాలంటే నీటి మీద రాలిన ఆకును చూడాలి. కళ్ళకు దారి ఎక్కుతున్నట్టు కనిపించే చోటా ఆకు ముందుకే పోతుంటుంది. అక్కడ కన్ను పొరపడుతుంది గానీ కాలువ పొరపడదు. నన్నడిగితే మొత్తం కాలువలో గొప్ప పనితనం ఇదే. కానీ ఫొటోలో పడదు, అందుకని చూసేవాళ్ళు తక్కువ.

ఎండాకాలం నీటి కోసం మోంతాన్య్ న్వార్ కొండల పాదాల వద్ద లోదో వాగుకు అడ్డంగా సేం-ఫెర్రియోల్ జలాశయం కట్టారు. పని 1667లో మొదలై 1672లో ముగిసింది. సుమారు 780 మీటర్ల పొడుగున మూడు రాతి గోడలు, వాటి మధ్య కూరిన మట్టి. ఇప్పుడు అందులో పట్టేది దాదాపు 63 లక్షల ఘనపు మీటర్లు, అంటే పావు టీఎంసీ కూడా కాదు.

పని ముమ్మరంగా సాగిన రోజుల్లో కూలీల సంఖ్య పన్నెండు వేల దాకా వెళ్ళింది. వాళ్ళలో ఆడవాళ్ళూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. రికే నెల జీతం పద్ధతి పెట్టాడు. ఆదివారాలకూ, వానకు పని ఆగిన రోజులకూ, జబ్బు పడ్డ రోజులకూ కూలి ఇచ్చాడు. ఆ కాలానికి అది వింతే. సొంత ఆస్తి కూడా ఇందులోనే పోశాడు. కాలువ తెరవడానికి కొన్ని నెలల ముందు, 1680 అక్టోబరులో కన్నుమూశాడు. అప్పులు వారసుల మెడకు చుట్టుకున్నాయి.

నోరూజ్ దాటి మధ్యధరా వైపు దిగుతుంటే లాకులను దగ్గరగా చూడాలి. లాకు గది గోడలు తిన్నగా ఉండవు, రెండువైపులా వెలుపలికి ఉబ్బి కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. గది పొడుగు దాదాపు 30 మీటర్లు, నడుమ వెడల్పు 11 మీటర్లు, తలుపుల దగ్గర సుమారు ఆరు. మొదట్లో తిన్నటి గోడలే కట్టారు, వాటిలో ఒకటి కూలింది. లాకు ఖాళీ చేసినప్పుడు లోపల నీటి బలం ఉండదు, వెనక నానిన మట్టి గోడను లోపలికి తోస్తుంది. అందుకని గోడను వంచారు. అడ్డంగా పడుకోబెట్టిన కమాను అది. మట్టి ఎంత తోస్తే రాళ్ళు అంత గట్టిగా ఒకదానికొకటి బిగుసుకుంటాయి. లోపమూ ఉంది: వెడల్పు పెరిగింది కాబట్టి ప్రతి పడవకూ ఎక్కువ నీళ్ళు ఖర్చవుతాయి. 1970ల్లో పెద్ద పడవల కోసం కాలువ రెండు చివర్లలో కొన్ని లాకులను పొడిగించి కాంక్రీటుతో తిన్నగా చేశారు. పాతవాటి పక్కన అవి వెలవెలబోతాయి.

లాకు పక్కనే లస్కరు ఇల్లు. గోడ మీద పలకలో ఆ లాకు పేరు, ఎగువ లాకు ఎన్ని మీటర్లు, దిగువ లాకు ఎన్ని మీటర్లు అని చెక్కి ఉంటుంది. నీళ్ళ సీసా నింపుకోవడానికి ఆగిన సైకిలువాడికి మ్యాపు తియ్యాల్సిన పని లేదు.

లా రెదోర్త్ దగ్గర ఆర్జాన్-దూబ్ల్ వాగు ఒడ్డున ఒక అలుగు ఉంది. రికే పోయాక కాలువను పరీక్షించిన వోబాన్ సూచనలతో 1690లలో కట్టింది. గట్టునే పదకొండు రాతి కమానులుగా మార్చారు. వరద వచ్చి కాలువ మట్టం పెరిగితే మిగులు నీరు కమానుల కింది నుంచి జారి వాగులో పడుతుంది. మనిషీ గుర్రమూ పైన నడిచిపోతారు. కమానుల మీది రాతి పరుపు సైకిలును గడగడలాడిస్తుంది. దిగి నడిపించడం మేలు, అలా అయితేనే రాళ్ళ కూర్పు కంటపడుతుంది.

ఇక ఆర్జెన్స్ లాకు దాటాక మరో వింత. అక్కడి నుంచి బేజియే అంచున ఫోన్సెరాన్ దాకా 54 కిలోమీటర్లు ఒక్క లాకూ లేదు. ఓడ్ నది మైదానంలోకి దిగితే దారి దగ్గరయ్యేది, కానీ నది వరదలు కాలువను ముంచేవి. అందుకే గుట్టల వాలు మీద, సముద్రమట్టానికి ముప్పై మీటర్ల చిల్లర ఎత్తున ఒకే మట్టం పట్టుకుని మెలికలు తిరిగింది. కాపెస్తాంగ్ చుట్టుపక్కల ఊరి గోపురం ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన కనబడుతూ విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగు వెనక ఉన్నది లెక్క. దారిలో రెప్యూద్ర్ వాగును 1676లో కట్టిన రాతి వంతెన మీదుగా కాలువే దాటుతుంది. లె సొమాయ్‌లో పాత వంతెన, ప్రార్థన మందిరం, పడవ ప్రయాణికులు రాత్రి బస చేసిన సత్రం ఇంకా నిలిచే ఉన్నాయి.

మాల్పాస్ దగ్గర కొండను తొలిచి 1679లో కాలువను సొరంగంలోంచి పోనిచ్చారు. పైన ఆన్సెరూన్ గుట్ట ఎక్కితే 13వ శతాబ్దంలో ఎండగట్టిన మోంతాది చెరువు కనిపిస్తుంది. సైకిలు చక్రంలో చువ్వల్లా పొలాలు నడిబొడ్డు నుంచి చీలి ఉంటాయి. ఆ చెరువు నీటిని తీసుకుపోయే పాత సొరంగం, రికే కాలువ, తర్వాతి కాలపు రైలు మార్గం, మూడూ ఒకే కొండను వేరు వేరు ఎత్తుల్లో తొలిచాయి. ఫోన్సెరాన్‌లో వరస లాకులు పడవను 21.5 మీటర్లు దించుతాయి. యాత్రికుల బస్సులు అక్కడే ఆగుతాయి. బాగానే ఉంటుంది గానీ, అప్పటికి ఫీడర్ కాలువను చూసి వచ్చినవాడికి అంతగా ఆనదు.

చెట్ల సంగతి మాత్రం బాధ పెడుతుంది. గట్టు మీద 42,000 దాకా ప్లేన్ చెట్లు ఉండేవి. ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో నాటినవి. వాటి వేళ్ళే గట్టును పట్టి ఉంచాయి. 2006లో ఒక శిలీంధ్రం బయటపడింది, దానికి మందు లేదు. సోకిన చెట్టునూ చుట్టుపక్కల చెట్లనూ నరికి కాల్చక తప్పలేదు. వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు, నీడ ఇవ్వడానికి వాటికి ఇంకా ఏళ్ళు పడుతుంది. అందాకా దక్షిణపు ఎండ నేరుగా నెత్తి మీదే.

వెళ్ళే ఉద్దేశం ఉన్నవారికి రెండు మాటలు. తులూజ్ నుంచి పోర్-లోరాగే దాకా యాభై కిలోమీటర్లు తారు బాట. అది దాటాకే కంకర, మట్టి, చెట్ల వేళ్ళు. ఎరో జిల్లాలో కొన్నిచోట్ల ఒక సైకిలు పట్టేంత వెడల్పే ఉంటుంది. సన్న టైర్లతో వెళ్ళకండి, ఎదురొచ్చేవారికి దారి ఇవ్వండి. పడమటి నుంచి సెర్స్ గాలి వీచే రోజుల్లో సముద్రం వైపు ప్రయాణం హాయి. తులూజ్‌లో మొదలుపెట్టమని అందరూ చెబుతారు. నా సలహా వేరు: రెవెల్‌లో మొదలుపెట్టండి, నీళ్ళు నడిచిన క్రమంలోనే మీరూ నడిచి నోరూజ్‌లో పెద్ద కాలువను కలుసుకోండి. ఒక రోజు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.