చీటీ పడ్డ చోటికే

పక్షుల్ని చూసే సరదా ఉన్నవాళ్లకు కేరళలో ఎక్కడికి వెళ్లాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తట్టేకాడ్ అడవి ఉంది, త్రిశూర్ కోల్ చిత్తడి పొలాలున్నాయి. ఏ పక్షి ఎక్కడ ఎంతగా ఉందో పటానికెక్కించేందుకు 2015 నుంచి 2020 దాకా సాగిన కేరళ పక్షి అట్లాస్ మాత్రం ఆ ఇష్టాన్ని పక్కన పెట్టమంది. ఆ పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే.

రాష్ట్రమంతటినీ గళ్లుగా గీశారు. ఆ గళ్లను 1.1 కిలోమీటర్ల చదరాలుగా విడగొట్టి, లాటరీ తీసినట్టు దాదాపు 4,000 చదరాలు ఎంచారు. వెయ్యిమందికి పైగా వాలంటీర్లు పంచుకున్నారు. ఒకరి వంతుకు కొండవాలు అడవి రావచ్చు, ఇంకొకరికి రబ్బరు తోట, మరొకరికి బజారు వెనక సందు. ఏది వస్తే అక్కడికే వెళ్లాలి. మంచి చోట్లకే వెళ్లి రాసుకొస్తే ఆ లెక్క అబద్ధమేమీ కాదు, కాకపోతే అది కేరళ లెక్క కాదు.

చదరంలోకి వెళ్లాక పదిహేనేసి నిమిషాల జాబితాలు నాలుగు రాయాలి. కలిపి ఒక్క గంట జాబితా రాస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. గంట జాబితాలో పిగిలిపిట్ట పేరు ఒక్కసారే ఉంటుంది, ఎప్పుడో ఓసారి కూసిన జెముడుకాకి పేరూ ఒక్కసారే. నాలుగు పావుగంటలైతే పిగిలిపిట్ట నాలుగింట్లోనూ ఉంటుంది, జెముడుకాకి ఒక్కదాంట్లోనే. ఏది అక్కడ విరివిగా ఉందో, ఏది ఎదురుపడటం కష్టమో ఆ తేడాలోనే తెలుస్తుంది. ఇంత చిన్న ఉపాయంతో ఇంత పని రాబట్టినవాళ్ల బుర్రకు దండం పెట్టాలి. పదహారో నిమిషంలో ఎంత అరుదైన గద్ద వచ్చి వాలినా ఆ జాబితాలో చోటు లేదు. కాకుల్ని మాత్రం వదలకుండా లెక్కపెట్టాలి. నిజానికి అదే కష్టం: రోజూ చూసే కాకిని లెక్కపెట్టాలంటే మనసు మొరాయిస్తుంది.

ఇదంతా ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం ముంగిట ఒకసారి, జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వానల్లో ఒకసారి. వానాకాలంలో ఆకు దట్టంగా ఉంటుంది, బైనాక్యులర్ అద్దాలకు తేమ పడుతుంది. ఇక చెవినే నమ్ముకోవాలి. జీతం లేని ఈ పనిలో దక్కేది ఆ చెవే. మొదట్లో ఒకే గోలగా వినిపించిన తోట మెల్లగా విడివిడి గొంతులుగా విడిపోతుంది. ఫోటోల కోసం తిరిగేవాళ్లకు ఇది అంత తేలిగ్గా పట్టుబడదు.

చివరికి చేతికొచ్చినవి పాతికవేలకు పైగా జాబితాలు, సుమారు 3 లక్షల నమోదులు, 361 జాతులు. వలస పక్షులుండే పొడి కాలంలోనే వైవిధ్యం ఎక్కువని, దక్షిణ జిల్లాలకన్నా ఉత్తర, మధ్య జిల్లాల్లో జాతులు ఎక్కువని లెక్కతో సహా తేలింది.

2025లో హైదరాబాద్‌లోనూ పక్షి అట్లాస్ మొదలైంది. అమీన్‌పూర్ చెరువు గట్టున కెమెరాలకు ఎప్పుడూ కొదవలేదు. ఏ కాలనీ సందులో ఎన్ని గోరింకలున్నాయో చెప్పగలిగేవాళ్లు మాత్రం ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు.